నీళ్లు తోడే యంత్రాలు – బహిరంగ రూపకల్పన: ఏతం నుండి ఇండియా మార్క్-2 వరకు ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సాఫ్ట్‌వేర్ రంగంలో రూపుదిద్దుకొన్న ఓపెన్‌సోర్సు పద్ధతిని యంత్రాలు, పరికరాలు మొదలైన భౌతిక వస్తువుల రూపకల్పనకు అన్వయించే ప్రయత్నాలు గత రెండు దశాబ్దాలుగా సాగుతున్నాయి. నమూనాను అందరికీ అందుబాటులో ఉంచితే వస్తువు క్రమంగా మెరుగుపడుతుందన్న విశ్వాసం ఈ ప్రయత్నాల వెనుక ఉంది. ఆ విశ్వాసాన్ని చరిత్ర వెలుగులో పరీక్షించడం ఈ వ్యాస లక్ష్యం. ఇందుకు నీళ్లు తోడే యంత్రాల చరిత్రను ఆధారంగా తీసుకోవడం జరిగింది. తెలుగు నేలపై ఏతం, మోట. ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనుల ఆవిరి యంత్రాలు. భారతదేశంలో రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపు. నల్లగొండ ఫ్లోరైడు సమస్య ఇందులోని ప్రధాన ఉదాహరణలు. వస్తువు విషయంలో నమూనా బహిరంగం కావడం మొదటి మెట్టు మాత్రమేనని, పదిమంది అంగీకరించిన కొలత, దానిని నిలబెట్టే తనిఖీ లేనప్పుడు ఆ నమూనా నిలవదని, ఆ కొలతలో ఏది చేరింది, ఏది చేరలేదు అన్నదే చివరకు వినియోగదారుని మేలును నిర్ణయిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బహిరంగ రూపకల్పన, ఓపెన్‌సోర్సు, చేతిపంపు, ఇండియా మార్క్-2, కార్న్‌వాల్ యంత్రాలు, వృత్తిపదాలు, ఫ్లోరోసిస్, ప్రమాణీకరణ.

1. ఉపోద్ఘాతం

1980 దశకంలోనూ ఆ తరువాతా తెలుగు పల్లెల్లో పెరిగినవారికి 'బోరింగు' అన్న మాట చిరపరిచితం. వీధి మలుపులోనో, బడి ఆవరణలోనో సిమెంటు దిమ్మె మీద నిలిచిన ఇనుప చేతిపంపుకు జనం పెట్టుకొన్న పేరది. ఆంగ్లంలో భూమికి రంధ్రం వేసే పనిని తెలిపే పదం తెలుగులో ఆ రంధ్రం మీద నిలిచిన యంత్రానికి పేరయింది. బావిలో నీళ్లు 'చేదడం' అన్న మాట పక్కన 'బోరింగు కొట్టడం' అన్న కొత్త నుడి వచ్చి చేరింది. ఇంట్లోని కుట్టుమిషనును, గోడకు ఆనించిన సైకిలును జనం తయారుచేసిన కంపెనీ పేరుతో గుర్తుపెట్టుకొన్నారు. బోరింగుకు మాత్రం అటువంటి పేరేదీ అంటుకోలేదు. అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. దాని నమూనాకు పేటెంటు లేదు. దాని కొలతలు భారతీయ ప్రమాణంగా అచ్చయ్యాయి. ఆ ప్రమాణాన్ని పాటించగలిగిన ఏ కర్మాగారమైనా దానిని తయారుచేయవచ్చు.

'ఓపెన్‌సోర్సు' అన్న పదం వాడుకలోకి రావడానికి ఇరవై ఏళ్ల ముందే ఆ పద్ధతికి దగ్గరగా రూపొందిన వస్తువు ఒకటి మన వీధుల్లో నిలిచి ఉందన్న మాట. ఈ విషయం సాంకేతిక చరిత్రకారులకు తెలిసినదే అయినా తెలుగు పరిశోధనలో తగినంత చర్చకు రాలేదు. నమూనా అందరిదైతే వస్తువు మెరుగుపడుతుందా? పడితే ఏ పరిస్థితుల్లో? పడకపోతే ఆ లోపం ఎక్కడ? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెదకడానికి నీళ్లు తోడే యంత్రాల చరిత్ర అనువైన క్షేత్రం.

2. ఓపెన్‌సోర్సు భావన – వస్తువు దగ్గర ఎదురయ్యే చిక్కులు

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు, 1989లో వెలువడిన జనరల్ పబ్లిక్ లైసెన్సు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి పునాదులు వేశాయి. 'ఓపెన్‌సోర్సు' అన్న పేరు 1998లో వాడుకలోకి వచ్చింది. ప్రోగ్రాము మూలసంకేతాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదానిని పంచవచ్చు అన్నది దీని సారాంశం. ఈ సూత్రాన్ని వస్తువులకు అన్వయించినప్పుడు మూడు చిక్కులు ఎదురవుతాయి.

మొదటిది ఖర్చు. ప్రోగ్రాముకు వెయ్యి ప్రతులు తీయడానికి దాదాపు ఖర్చుండదు. పంపుకు మరొక ప్రతి కావాలంటే మళ్లీ ఇనుము కావాలి, కొలిమి కావాలి, పనివాడు కావాలి.

రెండవది యథాతథత్వం. ప్రోగ్రాము నకలు మూలంతో అక్షరం పొల్లుపోకుండా సరిపోతుంది. వస్తువు నకలు ఎన్నడూ అలా ఉండదు. ఒకచోట లోహం నాణ్యత తగ్గుతుంది, మరొకచోట రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు పోతుంది, ఇంకొకచోట అతుకు బలహీనమవుతుంది. తాళపత్ర గ్రంథాల పాఠపరిష్కరణతో పరిచయమున్నవారికి ఇది కొత్త విషయం కాదు. లేఖకుని చేతిలో పాఠం మారినట్లే తయారీదారుని చేతిలో నమూనా మారుతుంది. తేడా ఒక్కటే. పాఠాంతరాన్ని పండితుడు గుర్తుపడతాడు. పంపులోని తేడా నీళ్లు ఆగిపోయిన నాడే బయటపడుతుంది.

మూడవది చట్టం. ప్రోగ్రాము రాసిన క్షణం నుండి దానికి కాపీరైటు రక్షణ లభిస్తుంది. జనరల్ పబ్లిక్ లైసెన్సు ఆ రక్షణనే ఆధారం చేసుకొని, మార్పులు చేసి పంచేవారు వాటిని కూడా అదే లైసెన్సు కింద అందించాలని షరతు పెట్టగలిగింది. ఉపయోగపు వస్తువుకు ఈ రక్షణ అదే రీతిలో వర్తించదు. భారత కాపీరైటు చట్టం, 1957లోని 15వ సెక్షను ప్రకారం డిజైనుగా నమోదు చేయదగినదై ఉండి నమోదు కాని రూపాన్ని పారిశ్రామిక పద్ధతిలో 50 కంటె ఎక్కువసార్లు తయారుచేస్తే ఆ డిజైనుపై కాపీరైటు ముగుస్తుంది. యంత్రం పనిచేసే తీరుకు రక్షణ కావాలంటే పేటెంటు కోసం దరఖాస్తు చేసుకోవాలి, రుసుము కట్టాలి. కనుక వస్తువును బహిరంగపరచదలచినవారికి మిగిలే ప్రధాన మార్గం పేటెంటు తీసుకోకుండా నమూనాను ప్రచురించడం. అలా ప్రచురించిన తరువాత మరొకరు దానిని మెరుగుపరచి ఆ మెరుగును దాచుకొంటే అడ్డుకొనే సాధనం బహు స్వల్పం.

3. ఏతం, మోట: మాటల్లో నిలిచిన రూపకల్పన

పేటెంటు లేని యంత్రాలు తెలుగు నేలకు కొత్త కావు. లోతు తక్కువైన చోట ఇద్దరు మనుషులు ఊపే గూడ, అంతకంటె లోతైన చోట ఏతం, ఎద్దులతో నడిచే మోట లేక కపిలి తరతరాలుగా పొలాలను తడిపాయి. వీటిని ఎవరు కనిపెట్టారో ఎవరికీ తెలియదు. వాటి రూపం ప్రాంతాన్ని బట్టి, నేలను బట్టి, నీటి లోతును బట్టి మారుతూ వచ్చింది.

ఈ యంత్రాలకు గీసిన పటాలు లేవు. వాటి రూపకల్పన రెండుచోట్ల భద్రమైంది. ఒకటి పనివాని చేయి, రెండు భాగాల పేర్లు. గడ, బాన, గిలక, మోకు, తొండం వంటి ప్రతి మాటా ఒక భాగాన్ని, దాని పనిని, మరొక భాగంతో దానికుండే సంబంధాన్ని సూచిస్తుంది. ఈ దృష్టితో చూస్తే ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం భాషాశాస్త్ర గ్రంథం మాత్రమే కాదు, వ్యవసాయ పరికరాల రూపకల్పనకు తెలుగులో మిగిలిన విలువైన ఆధారాలలో ఒకటి. ఒకే భాగానికి వేర్వేరు ప్రాంతాల్లో ఉన్న పేర్లను నమోదు చేయడం ద్వారా ఆ కోశం ఆయా వస్తువుల ప్రాంతీయ భేదాలను కూడా భద్రపరచింది.

అయితే ఈ సంప్రదాయాన్ని నేటి అర్థంలో 'బహిరంగం' అనడం చారిత్రకంగా సరికాదు. కర్రపని వడ్రంగిది, ఇనుపపని కమ్మరిది, మోటకు కావలసిన తోలుపని మాదిగలది. జ్ఞానం కులవృత్తి గోడల మధ్య తండ్రి నుండి కొడుకుకు సంక్రమించింది. పంటల కాలంలో ముట్టే మేర ఆ శ్రమకు ప్రతిఫలం. అంతకంటె తీవ్రమైన వైరుధ్యం మరొకటి ఉంది. తోలుబొక్కెన కుట్టి పొలానికి నీరందించిన కులానికే ఊరిలోని మంచినీటి బావి దగ్గరకు రావడానికి అనుమతి లేదు. యంత్రం ఎవరికీ సొంతం కాకపోవడం వేరు, దాని ఫలితం అందరికీ అందడం వేరు అన్న సత్యాన్ని ఈ చరిత్ర ముందుగానే హెచ్చరిస్తోంది.

ఈ సంప్రదాయానికి మరొక పరిమితి కూడా ఉంది. ఒక ఊరి మోట పక్క ఊరి మోటకంటె మెరుగైనదా కాదా అని పోల్చడానికి ఉమ్మడి కొలత లేదు. మెరుగు ఉన్నా అది కంటితో చూసినవారికే తెలుస్తుంది. అటువంటి కొలత ఏర్పడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి, నీళ్లు తోడే పనే జీవన్మరణ సమస్యగా ఉన్న మరొక ప్రాంతాన్ని పరిశీలించాలి.

4. కార్న్‌వాల్ గనులు: కొలతను పంచుకొన్న ఇంజనీర్లు

ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో రాగి, తగరం గనులు లోతుగా పోయేకొద్దీ నీరు ఊరేది. ఆ నీటిని ఎత్తిపోయడానికి ఆవిరి యంత్రాలే శరణ్యం. స్థానికంగా బొగ్గు లేకపోవడంతో వేల్సు నుండి ఓడలపై తెప్పించుకోవలసి వచ్చేది. అందువల్ల బొగ్గు పొదుపు చేసే యంత్రం వారికి అవసరమైంది.

జేమ్స్ వాట్ 1769లో ప్రత్యేక కండెన్సరుకు పేటెంటు పొందారు. 1775లో బ్రిటిష్ పార్లమెంటు దానిని 1800 వరకు పొడిగించింది. పాత న్యూకమెన్ యంత్రంతో పోలిస్తే ఆదా అయిన బొగ్గు విలువలో మూడోవంతును బౌల్టన్-వాట్ సంస్థకు గనుల యజమానులు చెల్లించాలి. ఈ లెక్క తేల్చడానికే 'డ్యూటీ' అన్న కొలత ప్రాధాన్యం పొందింది. ఒక బుషెలు బొగ్గుతో యంత్రం ఎన్ని పౌండ్ల నీటిని ఒక అడుగు ఎత్తుకు లేపగలదో తెలిపే సంఖ్య అది. తమ సొంత మెరుగులతో యంత్రాలు నిర్మించిన హార్న్‌బ్లోయర్, బుల్ వంటి స్థానిక ఇంజనీర్లు పేటెంటు వ్యాజ్యాలలో చిక్కుకొన్నారు. పేటెంటు గడువు తీరేనాటికి కార్న్‌వాల్ ప్రజల్లో ఆ వ్యవస్థ పట్ల తీవ్రమైన విముఖత ఏర్పడింది.

1800 తరువాత బౌల్టన్-వాట్ మనుషులు వెళ్లిపోయారు. పేటెంటు తొలగిపోయింది కనుక యంత్రాలు వెంటనే మెరుగుపడి ఉండాలి. కాని జరిగింది వేరు. తొలి దశాబ్దంలో నిర్వహణ సడలింది, యంత్రాల పనితీరు దిగజారింది. ఈ పదేళ్ల అనుభవం మన చర్చకు అత్యంత కీలకం. అడ్డు తొలగినంత మాత్రాన మెరుగు రాలేదు.

మార్పు 1811లో మొదలైంది. జోయల్ లీన్ అనే గని అధికారి వేర్వేరు గనుల యంత్రాల పనితీరును నెలనెలా కొలిచి ప్రచురించడం ప్రారంభించారు. సిలిండరు వ్యాసం, తోడిన లోతు, ఖర్చయిన బొగ్గు, సాధించిన డ్యూటీ, ఇంజనీరు పేరు – అన్నీ ఆ నివేదికలో ఉండేవి. 1812లో ఆయన మరణించాక కుటుంబీకులు ఆ పనిని కొనసాగించారు. 'లీన్స్ ఇంజన్ రిపోర్టర్'గా ప్రసిద్ధమైన ఈ నివేదిక 1904 వరకు వెలువడింది. 1812లోనే రిచర్డ్ ట్రెవితిక్ వీల్ ప్రాస్పర్ గనిలో అధిక పీడన ఆవిరితో పనిచేసే యంత్రాన్ని నెలకొల్పారు. దానికి ఆయన పేటెంటు తీసుకోలేదు. ఇతరులు ఆ నమూనాను అనుసరించి, సిలిండరుకు, గొట్టాలకు వేడి పోకుండా కప్పు వేయడం వంటి చిన్నచిన్న మార్పులు చేస్తూ పోయారు. ఏ మార్పు పనిచేసిందో మరుసటి నెల నివేదికే చెప్పేది. 1811 ప్రాంతంలో సగటున 2 కోట్ల లోపు ఉన్న డ్యూటీ 1840 దశకంలో 6 కోట్లు దాటింది. 1835లో ఫోయ్ కన్సోల్స్ గనిలోని ఆస్టెన్ యంత్రం ఒక పరీక్షలో సుమారు 12.5 కోట్లు నమోదు చేసింది.

ఈ పద్ధతికి ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ అలెన్ 1983లో చేసిన 'సామూహిక ఆవిష్కరణ' అన్న సిద్ధాంతీకరణ వర్తిస్తుందని, కార్న్‌వాల్ విషయంలో దానిని అలెస్సాండ్రో నువోలారి వివరంగా నిరూపించారు. గని యజమానులకు పలు గనుల్లో వాటాలు ఉండడం వల్ల ఒకచోటి మెరుగు మరొకచోటికి పాకడం వారికి లాభమే. ఇంజనీర్లకు నివేదికలో వచ్చే పేరే మరొక కొలువుకు సిఫారసు. ఇక్కడ గమనించవలసిన విశేషం మరొకటుంది. పేటెంటు రుసుము వసూలుకు ఉపయోగపడిన డ్యూటీ అన్న కొలతే తరువాత పేటెంటు లేని వ్యవస్థకు వెన్నెముక అయింది.

5. ఇండియా మార్క్-2: ప్రమాణంగా మారిన పంపు

కార్న్‌వాల్ యంత్రాన్ని వాడినవారు ధనవంతులైన గని యజమానులు. నమూనాను గాని, తయారీని గాని శాసించే శక్తి లేని గ్రామీణుల విషయంలో ఇదే పద్ధతి ఎలా పనిచేస్తుంది? దీనికి మన దేశ చరిత్రలోనే సమాధానం ఉంది.

1960 దశకం నడుమ వచ్చిన కరవుల తరువాత యూనిసెఫ్ సాయంతో గట్టిరాతి నేలల్లో బోర్లు వేసే యంత్రాలు దేశంలోకి వచ్చాయి. దక్కను పీఠభూమిలో, రాయలసీమలో చేతితో తవ్విన బావులు ఎండిపోయిన చోట బోర్లు నీరిచ్చాయి. అయితే వాటిపై బిగించిన పోత ఇనుప పంపులు ఐరోపా, అమెరికా దేశాల్లో ఒక్కొక్క కుటుంబం వాడుకొనే పంపులకు నకళ్లు. ఊరంతా పొద్దస్తమానం కొడితే అవి నిలవలేదు. 1970 దశకం నడుమ జరిగిన సర్వేలలో నూటికి 75 పంపులు పనిచేయడం లేదని తేలింది. రెండవ విభాగంలో చెప్పిన నకలు సమస్యకు ఇంతకంటె తీవ్రమైన ఉదాహరణ అరుదు.

ఇదే కాలంలో మహారాష్ట్రలోని జాల్నా, షోలాపూర్ ప్రాంతాల్లో బోరుబావుల పనిచేస్తున్న సేవాసంస్థల వర్క్‌షాపుల్లో భిన్నమైన పంపు రూపుదిద్దుకొంది. హ్యాండిలుకు అనేక కీళ్ల బదులు ఒకే ఇరుసు, పోత ఇనుముకు బదులు ఉక్కు, హ్యాండిలు చివర వంపు తిరిగిన భాగంపై నడిచే గొలుసు అందులోని ముఖ్యాంశాలు. గొలుసు వల్ల లోపలి కడ్డీ పక్కకు ఒరగకుండా నిట్టనిలువుగా కదులుతుంది, అరుగుదల తగ్గుతుంది. షోలాపూర్ పంపును ఆధారంగా తీసుకొని భారత ప్రభుత్వం, యూనిసెఫ్, మద్రాసులోని మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధనాభివృద్ధి సంస్థ, ప్రభుత్వరంగ కర్మాగారమైన రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కలిసి పెద్దయెత్తున తయారీకి వీలయ్యే కొత్త నమూనాను రూపొందించాయి. లోతైన బోర్లపై పరీక్షించాక 1970 దశకం చివర ఉత్పత్తి మొదలైంది. అదే ఇండియా మార్క్-2.

ఈ రూపకల్పనలో మూడు నిర్ణయాలు చరిత్రాత్మకమైనవి. నమూనాకు పేటెంటు తీసుకోకపోవడం మొదటిది. దానిని 1979లో ఐ.ఎస్. 9301 అన్న భారతీయ ప్రమాణంగా ప్రచురించడం రెండవది. ఏ భాగం ఎంత కొలతలో ఉండాలి, ఎంత తేడాను అనుమతించవచ్చు, ఏ లోహం వాడాలి అన్నవి అందులో నిర్దేశించారు. అందువల్ల ఒక కర్మాగారం తయారుచేసిన గొలుసు మరొక కర్మాగారపు పంపుకు సరిపోయింది. కొనుగోలుకు ముందు స్వతంత్ర తనిఖీదారులచేత పరీక్ష చేయించడం, తయారీదారుల అర్హతను ముందే నిర్ధారించడం మూడవది. మొదటి నిర్ణయం పంపును అందరిదిగా చేసింది, మిగిలిన రెండూ దానిని పంపుగా నిలబెట్టాయి. ఒక అంచనా ప్రకారం 1990 దశకం నడుమకు ప్రపంచవ్యాప్తంగా సుమారు 50 లక్షల పంపులు తయారయ్యాయి. ఉగాండాలో ఈ కుటుంబపు పంపులే యు-2, యు-3 అన్న పేర్లతో జాతీయ ప్రమాణాలయ్యాయి.

మెరుగుదల అక్కడితో ఆగలేదు. మార్క్-2లో వాషరు మార్చాలంటే బోరులోని పైపులన్నీ పైకి లాగాలి. అందుకు వాహనం, ప్రత్యేక పనిముట్లు, శిక్షణ పొందిన బృందం కావాలి. మరమ్మతుకు ఊరు జిల్లా కేంద్రం వైపు చూడవలసి వచ్చేది. 1981లో మొదలైన ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం-ప్రపంచబ్యాంకు చేతిపంపుల ప్రాజెక్టు గ్రామస్థాయిలోనే నిర్వహణ సాధ్యం కావాలన్న ఆశయాన్ని ముందుకు తెచ్చింది. 1980 దశకంలో కోయంబత్తూరు ప్రాంతంలో సాగిన క్షేత్ర పరిశీలనల నుండి మార్క్-3 పుట్టింది. ఇందులో పైపు వెడల్పు పెంచి, పైపులు కదపకుండానే పిస్టనును బయటికి తీసే ఏర్పాటు చేశారు. వెడల్పైన పైపుకు ఖర్చు పెరిగింది, బరువూ పెరిగింది. మరమ్మతు చేసే అధికారాన్ని ఊరికి దగ్గర చేయడానికి చెల్లించిన మూల్యం అది.

6. కొలతలో చేరని అంశం: నల్లగొండ పాఠం

ఇంతవరకు చూసిన చరిత్ర విజయగాథలా కనిపించవచ్చు. తెలుగు ప్రాంతపు అనుభవం ఆ కథను సవరించుకోమంటుంది. ఐ.ఎస్. 9301 పంపును కొలిచింది. పంపు పైకి తెచ్చే నీటిని కొలవడం దాని పరిధిలో లేదు.

తాగునీటిలో ఫ్లోరైడు అధికమైతే ఎముకలు వంగిపోతాయన్న సంగతి తెలియక జరిగిన పొరపాటు కాదిది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను షార్ట్, ఆయన సహచరులు 1937లోనే వైద్య పత్రికలో వివరించారు. నల్లగొండ జిల్లా పరిస్థితిపై సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. గ్రానైటు శిలల్లోని ఖనిజాల నుండి ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది. లోతైన బోర్లు పలుచోట్ల ఆ నీటినే పైకి తెచ్చాయి. నేటి భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, ప్రత్యామ్నాయం లేనప్పుడు 1.5 వరకు అనుమతి ఉంది. పంపు చక్కగా పనిచేసిన కొద్దీ హాని కూడా అంత నిరాటంకంగా సాగింది. పంపు లెక్కలో అది విజయం, తాగిన మనిషి లెక్కలో వైకల్యం.

దీనికి విరుగుడుగా వచ్చిన పద్ధతి కూడా బహిరంగమైనదే. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970 దశకంలో పటిక, సున్నం, బ్లీచింగు పౌడరుతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని రూపొందించి 'నల్లగొండ టెక్నిక్' అన్న పేరుతో ప్రచురించింది. ఒక తెలుగు జిల్లా పేరు టాంజానియా, ఇథియోపియా వంటి దేశాల సాంకేతిక వాఙ్మయంలో నిలిచింది ఈ విధానం వల్లనే. పదార్థాలు బజారులో దొరికేవే, విధానం అందరికీ తెలిసినదే. కాని ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడును, క్షారగుణాన్ని బట్టి మారుతుంది. ప్రతి ఊరిలో కొలవాలి, ప్రతిరోజూ కలపాలి, అడుగున చేరిన మడ్డిని తీసివేయాలి. కొలిచే మనిషి, ఆ మనిషికి జీతమిచ్చే వ్యవస్థ లేనిచోట బహిరంగ సూత్రం కాగితం మీదనే ఉండిపోతుంది.

ఆఫ్రికా అనుభవం కూడా ఇదే దిశను సూచిస్తుంది. ఆమ్లగుణం గల భూగర్భజలంలో జింకుపూత ఇనుప పైపులు తుప్పుపట్టి నీరు ఎర్రబారుతుందని, పంపులు త్వరగా పాడవుతాయని 1980 దశకం నుండి పరిశోధకులు చెబుతూనే ఉన్నారు. పైపుల నాణ్యతాలోపం ఈ సమస్యను మరింత పెంచింది. నమూనా సరిహద్దులు దాటింది. దానికి తోడు కావలసిన నీటి పరీక్ష, తనిఖీ అంత సులభంగా దాటలేదు.

7. ఇరవై ఒకటో శతాబ్దిలో బహిరంగ హార్డ్‌వేర్

ఇంటర్నెట్టు వ్యాప్తితో నమూనాను పంచుకోవడం క్షణాల పని అయింది. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో ఆర్డువినో అనే ఎలక్ట్రానిక్ ఫలకం రూపొందింది. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బౌయర్ ప్రారంభించిన రెప్‌రాప్ ప్రాజెక్టు తన భాగాల్లో కొన్నింటిని తానే ముద్రించుకోగల త్రీడీ ప్రింటరును 2007లో అందించింది. ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలుపొరలుగా పేర్చే విధానంపై ఉన్న మూల పేటెంటు 2009లో ముగియడంతో చిన్న సంస్థలకు దారి తెరుచుకొంది. 1800లో కార్న్‌వాల్‌లో వచ్చిన సందర్భాన్ని ఇది తలపిస్తుంది. ఈ సంప్రదాయంలోనే ఎదిగిన మేకర్‌బాట్ సంస్థ 2012లో తన కొత్త ప్రింటరు నమూనాను పూర్తిగా బయటపెట్టకపోవడం ఆ సమాజంలో తీవ్ర వివాదమైంది. రెండవ విభాగంలో చెప్పిన చట్టపరమైన బలహీనతకు ఇది నిదర్శనం.

2011లో వెలువడిన ఓపెన్‌సోర్సు హార్డ్‌వేర్ నిర్వచనం, అదే ఏడాది యూరపు అణుపరిశోధన సంస్థ సెర్న్ విడుదల చేసిన హార్డ్‌వేర్ లైసెన్సు ఈ రంగానికి స్పష్టత తెచ్చాయి. మార్పులు చేయడానికి అనువైన మూల ఫైళ్లనే విడుదల చేయాలని ఆ నిర్వచనం కోరుతుంది. కాని తయారైన వస్తువు ఎంత బాగా పనిచేసిందో కొలిచి ప్రకటించాలన్న షరతు అందులో లేదు. అంటే లీన్ చేసిన పని ఇక్కడ ఎవరి బాధ్యతా కాదు. 2020 కొవిడ్ కాలంలో ఈ తేడా స్పష్టంగా బయటపడింది. ముఖకవచాల బహిరంగ నమూనాలు వేగంగా వ్యాపించి ఆసుపత్రులకు ఉపకరించాయి. వెంటిలేటర్ల బహిరంగ నమూనాలు అనేకం వెలువడినా, పరీక్షలు దాటి రోగి దగ్గరకు చేరినవి స్వల్పం. ప్రాణం నిలిపే యంత్రానికి పటంతోపాటు పరీక్షా ఫలితం కూడా కావాలి. అదే ఏడాది జర్మనీ ప్రమాణ సంస్థ వెలువరించిన డిన్ స్పెక్ 3105 పత్రం, బహిరంగ హార్డ్‌వేర్ పత్రాలను సమాజమే మదింపు చేసే విధానాన్ని ప్రతిపాదించింది. కొలత, తనిఖీ అవసరాన్ని ఈ ఉద్యమం గుర్తిస్తోందనడానికి దీనిని తొలి సూచనగా భావించవచ్చు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. నమూనాపై ఆంక్షలు తొలగడం వల్ల మెరుగు దానంతటదే రాదు. 1800-1811 మధ్య కార్న్‌వాల్ అనుభవం ఇందుకు నిదర్శనం.

2. వస్తువు నకలు మూలానికి ఎన్నడూ యథాతథం కాదు కనుక ఉమ్మడి కొలత, దానిని అమలుచేసే తనిఖీ బహిరంగ రూపకల్పనలో విడదీయరాని భాగాలు. లీన్ నివేదిక, ఐ.ఎస్. 9301 ఈ పాత్రను నిర్వహించాయి.

3. కొలత తటస్థమైనది కాదు. ఏది కొలవాలో నిర్ణయించేవారి దృష్టిలో లేని నష్టం లెక్కలోకి రాదు. నల్లగొండ ఈ పాఠాన్ని మనుషుల శరీరాలతో నేర్పింది. కనుక బహిరంగ పద్ధతి సంపూర్ణం కావాలంటే నమూనాతోపాటు కొలతను నిర్ణయించే చోట కూడా వినియోగదారునికి స్థానం ఉండాలి.

కుళాయి నీరు వీధివీధికీ చేరుతున్న కొద్దీ బోరింగులు మూలపడుతున్నాయి. హ్యాండిలు బరువును బట్టి లోపలి వాషరు అరిగిందని, శబ్దాన్ని బట్టి బేరింగు పోయిందని చెప్పగలిగిన మెకానిక్కుల తరం కూడా వెనుదిరుగుతోంది. పంపు పటాలు ప్రమాణ గ్రంథంలో భద్రంగా ఉన్నాయి. ఆ పటం మన నేలలో, మన నీటిలో, మన చేతుల్లో ఎలా పనిచేసిందన్న జ్ఞానం మాత్రం ఈ మనుషుల మాటల్లోనే ఉంది. ఏతం, మోటల పదజాలాన్ని 1962 నాటి కోశం సకాలంలో నమోదు చేసింది. చేతిపంపు మెకానిక్కుల పదజాలాన్ని, వారి అనుభవాలను అదే శ్రద్ధతో సేకరించడం నేటి తెలుగు శాఖలు చేపట్టదగిన క్షేత్రపరిశోధన. అది జరిగినప్పుడు బోరింగు చరిత్రలో వాడినవారి పక్షం కూడా నమోదవుతుంది.